టెథిస్ స్టేషన్‌లో బాల్ కప్పులో పడాలంటే: తక్కువ గ్రావిటీలో మినీ గోల్ఫ్ ఎలా ఆడాలి

వాకబౌట్ మినీ గోల్ఫ్ అనే వీఆర్ గేమ్ ఆడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "మిగతా కోర్సులు బాగానే ఆడుతున్నాను. టెథిస్ స్టేషన్‌కి వచ్చేసరికి ఒక్కో హోల్‌కి (బాల్ మొదలయ్యే చోటు నుంచి కప్పు అనే గుంట దాకా ఉండే దారికి) ఆరేడు స్ట్రోకులు (దెబ్బలు) అవుతున్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?" అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన హెడ్‌సెట్‌తో హైదరాబాద్‌లో ఆడుతున్న కుర్రాడూ ఇదే అడుగుతాడు. డాలస్‌లో ఆఫీసు అయ్యాక స్నేహితులతో రూమ్ పెట్టుకుని ఆడే అక్క కూడా ఇదే అడుగుతుంది. ఒక్కొక్కరికీ మెసేజ్‌లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట, వరుసగా రాస్తున్నాను.

నేను చూసినంతలో ఈ కోర్సులో గురి తప్పి దెబ్బతినేవాళ్లు తక్కువ. బలం ఎక్కువై దెబ్బతినేవాళ్లే ఎక్కువ. అందుకే కింద రాసిన వాటిలో చాలా భాగం బలాన్ని ఎలా కొలుచుకోవాలి, ఎలా తగ్గించాలి అన్నదాని గురించే ఉంటుంది.

ఈ కోర్సులో తేడా ఎక్కడుంది?

ఈ కోర్సు పేరులో ఉన్న టెథిస్ శనిగ్రహానికి ఉన్న చందమామల్లో ఒకటి. 1684లో ఖగోళ శాస్త్రవేత్త కాసిని కనిపెట్టాడు. అడ్డంగా కొలిస్తే సుమారు 1,060 కిలోమీటర్లు. అక్కడి గ్రావిటీ మన భూమి మీద ఉన్నదానిలో 60వ వంతు కూడా ఉండదు. మీటరు ఎత్తు నుంచి బాల్ వదిలితే ఇక్కడ అర సెకను లోపే నేల తాకుతుంది. అక్కడ మూడున్నర సెకన్లకు పైగా పడుతుంది. గేమ్‌లో అంత తక్కువ పెడితే ఎవరూ ఆడలేరు కాబట్టి అంత పెట్టలేదు. అయినా మన చేతికి అలవాటైన లెక్క తప్పడానికి ఆ పెట్టినది చాలు.

గ్రావిటీ సగమైతే అదే వేగంతో వెళ్లిన బాల్ రెట్టింపు ఎత్తు ఎక్కుతుంది. గాల్లోకి లేస్తే రెట్టింపు దూరం పోతుంది. ఈ రెండూ తొందరగానే తెలిసిపోతాయి. చాలామంది గమనించనిది మూడోది. కప్పు మీదికి వచ్చిన బాల్‌ని కిందికి లాగేది గ్రావిటీయే. అది తగ్గితే బాల్ కిందికి దిగేలోపే కప్పు అవతలి అంచు వచ్చేస్తుంది. నిజమైన గోల్ఫ్ కప్పు వెడల్పు 108 మిల్లీమీటర్లు. భూమి మీద బాల్ సెకనుకు 1.6 మీటర్ల వేగంతో సరిగ్గా నడిమధ్యకు వస్తే ఎలాగో పడుతుంది. అదే కప్పు చంద్రుడి మీద ఉంటే సెకనుకు సుమారు 0.65 మీటర్లు దాటిన బాల్ దూకేసి వెళ్లిపోతుంది. చిన్నప్పుడు గోలీలాట ఆడినవాళ్లకు ఇది చేతికే తెలుసు. గట్టిగా విసిరిన గోలీ గుంట మీదుగా పోతుంది, మెల్లగా దొర్లినదే దిగుతుంది. సిద్ధాంతం ఇంతే, ఇక ఆటలోకి వెళ్దాం.

ఏమేం కావాలి?

- హెడ్‌సెట్, చార్జింగ్ ఉన్న ఒక కంట్రోలర్. టెథిస్ స్టేషన్ అసలు గేమ్‌తోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.
- కంట్రోలర్‌కి రిస్ట్ స్ట్రాప్. ఇది తప్పనిసరి.
- ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు ఖాళీ స్థలం. లేకపోతే కుర్చీలో కూర్చుని కూడా ఆడొచ్చు, ఆ మార్పు కింద చెప్తాను.
- ఒక నోట్‌బుక్, పెన్ను.
- తొందర లేని ఒక గంట. మధ్యలో రెండుసార్లు హెడ్‌సెట్ తీసి కళ్లకు విశ్రాంతి ఇవ్వండి.

జాగ్రత్త: ఆట మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి. పట్టర్ (బాల్‌ని కొట్టే కర్ర) వెనక్కి ఊపినప్పుడు మీ వెనక ఎవరున్నారో మీకు కనిపించదు. చిన్నపిల్లలుంటే గది తలుపు దగ్గరగా వేయండి. టీవీకి ఎదురుగా నిలబడి కొట్టకండి, పక్కకు తిరిగి నిలబడండి.

1. పట్టర్‌ని సరిచేసుకోండి

సెట్టింగ్స్‌లో పట్టర్ పొడవు, పట్టుకునే కోణం మార్చుకోవచ్చు. నిటారుగా, మోకాళ్లు కొంచెం వంచి నిలబడండి. చేతులు వదులుగా వేలాడితే పట్టర్ తల నేలను ఆనుకునీ ఆనకుండా ఉండాలి. దానికోసం మీరు వంగాల్సి వస్తుంటే పొడవు పెంచండి. మోచేతులు మడవాల్సి వస్తుంటే తగ్గించండి.

ఇప్పుడు బాల్ వెనక పట్టర్ పెట్టి దాని ముఖం ఎటు చూస్తోందో గమనించండి. కంట్రోలర్‌ని మామూలుగా పట్టుకున్నప్పుడే ముఖం పక్కకు తిరిగి ఉంటే కోణం మార్చండి. మణికట్టు తిప్పి సర్దుకోకండి. అలా సర్దుకున్నది పదో షాట్‌కి మర్చిపోతారు.

కూర్చుని ఆడేవాళ్లు పట్టర్‌ని కుర్చీకి పక్కగా, మోకాలి బయటి వైపు ఉంచి ఊపాలి. చేతులకుర్చీ వద్దు, మోచెయ్యి తగులుతుంది.

2. మూడు ఊపులు నేర్చుకోండి

ఇది అసలు పాఠం. దీనికి ఇరవై నిమిషాలు పెడితే మిగతావన్నీ తేలికవుతాయి. తొందరపడి దీన్ని దాటేసినవాళ్లే మళ్లీ వచ్చి అదే ప్రశ్న అడుగుతున్నారు.

హెడ్‌సెట్‌లో మీ పాదాలు మీకు కనిపించవు. కాబట్టి "కుడి పాదం దాకా ఊపాలి" లాంటి మామూలు గోల్ఫ్ కొలతలు పనికిరావు. బాల్ నుంచి పట్టర్‌ని ఎంత వెనక్కి తీశారన్నదే కొలత. మన పాత కొలతలు ఇక్కడ చక్కగా సరిపోతాయి:

- బెత్తెడు ఊపు: బాల్ నుంచి నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి.
- జానెడు ఊపు: బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా చెయ్యి చాపినంత వెనక్కి.
- మూరెడు ఊపు: మోచేతి నుంచి వేలి కొన దాకా ఉన్నంత వెనక్కి.

మూడింటికీ తాళం ఒకటే ఉండాలి. మనసులో "ఒకటి" అనుకుంటూ వెనక్కి తీయండి, "రెండు" అనుకుంటూ ముందుకు తోయండి. ఊపు పొడవు మారుతుంది, తాళం మారదు. అలా అయితే బలం దానంతట అదే పొడవుని బట్టి వస్తుంది.

ప్రాక్టీస్ మోడ్‌లో ముందు మామూలు గ్రావిటీ ఉన్న కోర్సుకి, ఉదాహరణకు టూరిస్ట్ ట్రాప్‌కి వెళ్లండి. సమంగా ఉన్న చోట ఒక్కో ఊపుతో ఐదుసార్లు కొట్టండి. బాల్ ఎంత దూరం పోయిందో పట్టర్ పొడవుతో కొలవండి: రెండు పట్టర్లు, నాలుగు పట్టర్లు, ఇలా. నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత చిన్న ఎత్తు ఉన్న చోట మళ్లీ ఐదేసి. ఆ వెంటనే టెథిస్ స్టేషన్‌కి వచ్చి అవే ఊపులు, అదే తాళంతో కొట్టి పక్కన రాయండి.

రెండు నిలువు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడండి. సమతలం మీద వచ్చే తేడా కంటే ఎత్తు మీద వచ్చే తేడా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ తేడా ఎంతో మీ కంట్రోలర్‌కి, మీ చేతికి మీరే రాసుకున్న లెక్క. ఎవరి వీడియోలోనో చూసిన లెక్క కంటే అదే మీకు పనికొస్తుంది.

3. కొట్టే ముందు హోల్ చుట్టూ తిరగండి

ఇక్కడ ఒక హోల్‌లోనే ఎత్తు, పల్లం, మలుపు కలిసి వస్తాయి. మొదట కప్పు దగ్గరికి వెళ్లి నిలబడండి. టెలిపోర్ట్ (ఒక్కసారిగా అక్కడికి చేరే పద్ధతి) అయినా సరే, ఎగిరే పద్ధతి అయినా సరే. అక్కడి నుంచి వెనక్కి టీ (మొదటి షాట్ కొట్టే చోటు) వైపు చూడండి. మూడు సంగతులు చూసుకోవాలి.

కప్పు వెనక ఏముంది? గోడ ఉంటే కొంచెం ధైర్యంగా కొట్టొచ్చు. ఖాళీ ఉంటే తగ్గాలి.

కప్పుకి ఏ వైపు నుంచి వస్తే నేల పైకి వాలి ఉంది? ఆ వైపు నుంచి వచ్చే బాలే మెల్లబడి దిగుతుంది.

మొదటి షాట్‌కి బాల్ ఎక్కడ ఆగితే రెండో షాట్ తేలిక? ఈ చోటుని కళ్లతో గుర్తుపెట్టుకోండి. మీ మొదటి షాట్ గురి కప్పు మీద కాదు, ఈ చోటు మీద పెట్టాలి. ఒక్క షాట్‌లో పడేయాలన్న ఆశ ఉంటుంది, నాకూ ఉంటుంది. అయితే ఈ కోర్సులో హోల్‌కి రెండు షాట్లు చొప్పున నిలకడగా ఆడితే స్కోరు చాలా బాగుంటుంది.

4. ఎత్తు ఎక్కించే షాట్

మీరు రాసుకున్న లెక్క తీయండి. టూరిస్ట్ ట్రాప్‌లో మూరెడు ఊపు కావాల్సిన ఎత్తుకి ఇక్కడ జానెడుతో మొదలుపెట్టండి. చాలకపోతే బాల్ వెనక్కి దొర్లి మీ దగ్గరికే వస్తుంది, పోయేది ఒక్క స్ట్రోకు. ఎక్కువైతే ఎత్తు చివర అంచు దాటగానే బాల్ నేల వదిలేసి గాల్లో తేలుతుంది. అప్పుడది ఎక్కడ దిగుతుందో మీ చేతిలో లేదు. కాబట్టి అనుమానం ఉంటే తక్కువకే మొగ్గండి.

బాల్ ర్యాంప్ పైఅంచు దాటాక కూడా నేలనే అంటి దొర్లిందంటే మీ బలం సరిపోయింది. బెత్తెడైనా గాల్లోకి లేచిందంటే ఊపు తగ్గించాలి. ఒకవేళ అది కప్పులో పడినా సరే, రెండోసారి పడకపోవచ్చు.

5. కిందికి దిగే షాట్, ఖాళీ దాటే షాట్

పైనుంచి కింది అంతస్తుకి బాల్ దింపేటప్పుడు చాలామంది అవతలి కొసకి కొడతారు. గాల్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి అది అవతలి గోడనే తాకుతుంది. అంచు దాకా చేరి, దాటి, జారి పడేంత బలం చాలు. బెత్తెడు ఊపు, మహా అయితే జానెడు.

కింద పడ్డ బాల్ మళ్లీ పైకి లేస్తుంది. మామూలు కోర్సులో రెండు గెంతులకు ఆగేది ఇక్కడ ఇంకా గెంతుతూ పోతుంది. అందుకని బాల్ మొదట తాకే చోటు మీరు ఆగాలనుకున్న చోటుకి బాగా ఇవతలే ఉండాలి. ప్రాక్టీస్‌లో ఐదుసార్లు దింపి, మొదటి దెబ్బ ఎక్కడ పడింది, చివరికి ఎక్కడ ఆగింది అని రెండూ రాసుకోండి.

ఖాళీ దాటాల్సి వస్తే మాత్రం బెదిరి సగం బలంతో కొట్టకండి. మధ్యలో పడిపోయే షాటే అన్నిటికంటే నష్టం. అవతలి వైపు గోడ ఉందో లేదో మూడో మెట్టులోనే చూసుకుని ఉంటారు. ఉంటే మూరెడు ఊపుతో గోడకు తగిలేలా కొట్టండి. లేకపోతే, పక్కనుంచి దారి ఉంటే ఒక స్ట్రోకు ఎక్కువైనా ఆ దారినే వెళ్లండి.

బలం మీద మోజు తగ్గాలంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 యాత్రలో అలన్ షెపర్డ్ చంద్రుడి మీద గోల్ఫ్ బంతులు కొట్టారు. బిగుసుకుపోయిన స్పేస్ సూట్‌లో రెండు చేతులూ కలవక ఒంటిచేత్తోనే ఊపారు. రెండో బంతి దాదాపు 40 గజాలు పోయిందని తర్వాత ఫొటోలను పరిశీలించి లెక్కగట్టారు. సరిగ్గా ఊపడానికే వీల్లేని ఒంటిచేతి దెబ్బకి అంత దూరం. మీ గదిలో మీకు రెండు చేతులూ ఉన్నాయి.

6. గోడకు కొట్టి తిప్పడం

క్యారమ్స్ ఆడినవాళ్లకు ఈ మెట్టు సులువు. స్ట్రైకర్‌ని అంచుకి కొట్టి కాయిన్‌ని తీసే రీబౌండ్ లెక్కే ఇక్కడా. ఏ కోణంలో తగిలితే దాదాపు అదే కోణంలో బయటికి వస్తుంది. గోడ అవతల కప్పుకి అద్దంలో ప్రతిబింబం ఉన్నట్టు ఊహించుకుని దానికి గురిపెట్టండి.

క్యారమ్ బోర్డు మీద లేని తేడా ఒకటి ఉంది. అక్కడ స్ట్రైకర్ బోర్డుకి అంటుకునే ఉంటుంది, ఇక్కడ బాల్ లేస్తుంది. గట్టిగా తగిలిన బాల్ గట్టు ఎక్కి బయటికి పోతుంది. బయటికి పోతే ఆ స్ట్రోకు దండగ, మళ్లీ వెనకటి చోటు నుంచే ఆడాలి. గట్టు పొట్టిగా ఉన్న చోట మూరెడు ఊపుతో రీబౌండ్ ప్రయత్నించకండి. రెండు గోడలకు కొట్టి తిప్పే షాట్ చూడ్డానికి బాగుంటుంది గానీ మొదటి నెలలో దాని జోలికి వెళ్లొద్దని నా సలహా.

7. కప్పులోకి దింపడం

చివరి రెండు మూడు అడుగుల దగ్గరే ఎక్కువ స్ట్రోకులు పోతాయి. మామూలు కోర్సుల్లో మనకు ఒక అలవాటు ఉంటుంది: కప్పు వెనక అంచుకి తగిలి పడేలా కొంచెం గట్టిగా తోస్తాం. టెథిస్‌లో ఆ అలవాటు మానాలి. బాల్ కప్పు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయినట్టు ఉండాలి.

దీనికి తేలిక పద్ధతి ఉంది. కప్పుకి జానెడు ఇవతల ఒక గీత ఉందనుకోండి. బాల్ ఆ గీత దగ్గర ఆగేలా కొట్టండి. మన చెయ్యి ఎలాగూ కొంచెం ఎక్కువే తోస్తుంది, ఆ ఎక్కువే దాన్ని కప్పు దాకా తీసుకెళ్తుంది.

మెల్లగా పోయే బాల్‌ని వాలు ఎక్కువ లాగుతుంది. కాబట్టి పక్కవాలు ఉన్న చోట పైవైపుకి గురి ఇంకొంచెం జరపండి. గట్టిగా కొట్టి వాలుని దాటించేయడం మిగతా కోర్సుల్లో నడుస్తుంది, ఇక్కడ కప్పుని కూడా దాటించేస్తుంది.

తరచుగా చేసే పొరపాట్లు

ఊపు చిన్నదిగా తీసి చివర్లో చెయ్యి విదల్చడం అందరికంటే ఎక్కువగా చూస్తాను. బెత్తెడే వెనక్కి తీశారు గానీ "రెండు" దగ్గర కుదిపారు. బాల్ జానెడు ఊపు కొట్టినట్టే పోతుంది. భుజాల నుంచి ఊపండి, మణికట్టు కదలకూడదు. రెండో చేత్తో కంట్రోలర్ చేతి మణికట్టుని పట్టుకుని పది షాట్లు ఆడితే ఈ అలవాటు పోతుంది.

బాల్ తగలకముందే తలెత్తి కప్పు వైపు చూడటం ఇంకొకటి. తలతో పాటు భుజం తిరుగుతుంది, పట్టర్ ముఖం తిరుగుతుంది.

ఒక షాట్ చాలకపోతే వెంటనే తర్వాతిది ఏకంగా రెండు మెట్లు పెంచి కొట్టడం. టెన్షన్‌లో అందరం చేసేదే. చాలకపోతే ఒక్క మెట్టే పెంచాలి: బెత్తెడు నుంచి జానెడుకి, అంతే.

ఇంకో చిన్న విషయం: వేరే కోర్సు ఆడి నేరుగా ఇక్కడికి రావడం. చెయ్యి ఇంకా పాత లెక్కలోనే ఉంటుంది. స్కోరు లెక్కపెట్టే ముందు ప్రాక్టీస్‌లో పది షాట్లు కొట్టి రండి. వెనక్కి వెళ్లేటప్పుడూ అంతే.

మెరుగుపడ్డారో లేదో ఎలా తెలుస్తుంది?

మొత్తం స్కోరు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఒక అదృష్టం షాట్, ఒక దురదృష్టం షాట్ లెక్కని మార్చేస్తాయి. ఈ మూడు పరీక్షలు పెట్టుకోండి.

మొదటిది, కప్పుకి రెండు పట్టర్ల దూరంలో సమతలం మీద పది షాట్లు. ఏడు పడాలి. పడని మూడూ కప్పు నుంచి ఒక పట్టర్ దూరంలోపే ఆగాలి. పడనివి దూరంగా పోతుంటే ఏడు పడినా సరే, ఇంకా గట్టిగా కొడుతున్నట్టే.

రెండోది, ఒక రౌండ్ ఆడుతూ తప్పిన ప్రతి షాట్‌కి ఒక అక్షరం: దాటిపోతే "దా", చాలకపోతే "చా", బయట పడితే "బ". స్నేహితులతో ఆడుతుంటే వాళ్లు కొట్టేటప్పుడు హెడ్‌సెట్ కొంచెం పైకెత్తి రాసుకోవచ్చు. మొదట్లో "దా"లు, "బ"లు ఎక్కువ ఉంటాయి. "చా"లు "దా"లతో సమానం అయ్యేదాకా ఊపు తగ్గిస్తూ పోండి. "బ" ఒక రౌండ్‌లో రెండుకి మించకూడదు.

మూడోది, తప్పినవి ఎటు తప్పాయో చూడండి. అన్నీ ఒకే వైపుకి పోతుంటే అది బలం సమస్య కాదు, పట్టర్ కోణం సమస్య. మళ్లీ మొదటి మెట్టుకి వెళ్లండి.

హార్డ్ కోర్సుకి ఎప్పుడు వెళ్లాలి?

టెథిస్ స్టేషన్‌కి తేలికైన ఈజీ, కష్టమైన హార్డ్ అని రెండు రూపాలు ఉంటాయి. పై పరీక్షలు వరుసగా మూడు రోజులు నెగ్గాక హార్డ్‌కి వెళ్లండి. అక్కడ వాలులూ అడ్డంకులూ మారతాయి, మీ నోట్‌బుక్‌లో ఉన్న ఊపుల లెక్క మారదు. ఈజీ కోర్సులో దాచిన 18 బాల్స్ వెతకడం, హార్డ్ కోర్సులో ఆధారాలు పట్టుకుని కొత్త పట్టర్ సంపాదించడం సరదాగా ఉంటాయి. కానీ స్కోరు కోసం ఆడే రౌండ్‌లో వాటి కోసం తిరగకండి. దానికి వేరే రోజు పెట్టుకోండి, ఆ తిరుగుడులో కోర్సు నేల కూడా బాగా అర్థమవుతుంది.

హెడ్‌సెట్ లేకపోతే

కంప్యూటర్‌లో గోల్ఫ్ విత్ యువర్ ఫ్రెండ్స్ అనే గేమ్ ఆడేవాళ్లకు అందులో స్పేస్ స్టేషన్ అనే 18 హోల్స్ కోర్సు ఉంది. అక్కడ ఊపు బదులు మౌస్ లాగుడు ఉంటుంది, కాబట్టి బెత్తెడు, జానెడు, మూరెడు బదులు బలం చూపించే గీతలో పావు, సగం, ముప్పావు అని మూడు కొలతలు పెట్టుకోండి. మూడో మెట్టు, ఆరో మెట్టు, పరీక్షలు అన్నీ అలాగే పనిచేస్తాయి. మీరే గేమ్ హోస్ట్ చేస్తుంటే సెట్టింగ్స్‌లో గ్రావిటీ తగ్గించి, ముందు మీకు బాగా తెలిసిన ఫారెస్ట్ కోర్సులో ఒక రౌండ్ ఆడండి. తెలిసిన నేల మీద బాల్ కొత్తగా ఎలా ప్రవర్తిస్తుందో చూశాకే స్పేస్ స్టేషన్‌కి వెళ్లండి. మామూలుగా హోల్‌కి 12 స్ట్రోకుల పరిమితి ఉంటుంది, నేర్చుకునేటప్పుడు దాన్ని పెంచుకోండి. లేకపోతే కష్టమైన హోల్స్‌లో కప్పు దగ్గరి షాట్ సాధన చేసే అవకాశమే రాదు.